దశబంధం నుంచి చందా దాకా

సూర్యాపేట దాటి కోదాడ వెళ్లే తోవలో మునగాల తగులుతుంది. ఇవాళ అది సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. సూర్యాపేటకు దక్షిణాన ఉన్న పెన్‌పహాడ్ లాగే అదీ ఒక మండలం, రెండూ ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. వందేళ్ల కింద పరిస్థితి వేరు. పెన్‌పహాడ్, సూర్యాపేట, మిర్యాలగూడ నిజాం రాజ్యంలో ఉండేవి. మునగాల పరగణా మాత్రం ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలో, కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. నాలుగు వైపులా నిజాం ఇలాకా, నడుమ దీవిలా ఈ పరగణా. ఆ చిన్న జమీందారీ కొలువులో దివానుగా పనిచేసిన ఒక మనిషి, ఆ కొలువు అండతో, తెలుగునాట లాభాపేక్ష లేని సంస్థలు నడిచే తీరునే మార్చాడు. ఇప్పుడు ‘సామాజిక వ్యవస్థాపకత’ అనే పేరుతో కొత్తగా నేర్పుతున్న పాఠంలో ముఖ్యమైనదంతా ఆ ప్రయత్నంలో ఉంది. మంచి పని మొదలుపెట్టడానికి దాత చాలు. అది నిలబడాలంటే, దానివల్ల మేలు పొందేవాళ్లే దాని బరువు మోయాలి. ఆ బరువును ఎంతమంది భుజాల మీద ఎలా పంచాలో తెలిసినవాడే అసలైన వ్యవస్థాపకుడు.

ఈ ఆలోచన మన నేలకు కొత్తది కాదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో కట్టించిన గుళ్లు, వేయించిన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కాలపు తెలుగుదేశంలో చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. కొడుకును కన్నంత పుణ్యమని నమ్మేవారు. అయితే చెరువును పుణ్యం ఒక్కటే కాపాడదు. ఏటా పూడిక చేరుతుంది, తూము చెడుతుంది, ఒక్క పెద్దవాన చాలు, కట్టకు గండి పడుతుంది. అందుకే ఆనాటివారు దశబంధం అనే ఏర్పాటు చేసుకున్నారు. చెరువు కట్టినవాడికో, మరమ్మతు బాధ్యత తలకెత్తుకున్నవాడికో ఆ నీటి కింద సాగయ్యే దానిలో పదోవంతు ముడుతుంది. నీళ్లు పారినన్నాళ్లే ఆ పదోవంతు. కట్ట తెగితే రైతు పంటతోపాటు అతని వాటా కూడా పోతుంది. అంటే చెరువు బాగోగులు చూసుకోవడం అతని దయాధర్మాలకు వదిలేసిన విషయం కాదు. అది అతని బతుకుతో ముడిపడి ఉంది. ధర్మకార్యం ఖర్చును దాని ఫలంతోనే కట్టివేసిన ఈ ముడి మన పూర్వికుల గొప్ప ఊహ.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇదే ముడిని పుస్తకాలకు వేసిన మనిషి కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. నాగపూర్‌లో అక్క భండారు అచ్చమాంబ ఇంట ఉండి చదువుకున్నారు, మరాఠీలో వ్యాసాలు రాశారు. తర్వాత మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివాను అయ్యారు. ఆయన, రాజా, నల్లగొండ ప్రాంతానికి చెందిన రావిచెట్టు రంగారావు కలిసి, మరికొందరు మిత్రుల తోడుతో, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించారు. మొదట అది రావిచెట్టు రంగారావు ఇంట్లోనే నడిచింది. నిజాం రాజ్యంలో కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషగా మిగిలిపోయింది. అటువంటి చోట తెలుగు పుస్తకాలు, పత్రికలు నలుగురూ కూర్చుని చదువుకునే గది ఒకటి తెరవడం పెద్ద సాహసం. 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం, 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం వెలిశాయి. ఒక్క దాత ఇన్ని చోట్ల ఇన్ని గదులు తెరవలేడు. ఒక నమూనా మాత్రం తెరవగలదు. ఆ నమూనా చూసి ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో తమ గదిని తామే కట్టుకోగలరు.

గదులుంటే చాలదు, వాటిలో చదవడానికి తెలుగులో పుస్తకాలుండాలి. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఆ లోటు తీర్చడానికే వచ్చింది. దాని కొత్తదనం తెలియాలంటే అంతకుముందు తెలుగులో పుస్తకం ఎలా వెలువడేదో గుర్తు తెచ్చుకోవాలి. కవి కావ్యం రాస్తాడు. ఒక రాజుకో జమీందారుకో అంకితమిస్తాడు. అతడు కృతిభర్త అవుతాడు, కవి కూటికీ, తర్వాతి కాలంలో అచ్చుకూలికీ డబ్బిస్తాడు. ఆ వ్యవస్థ మనకు మహాకావ్యాలనిచ్చింది, కాదనడానికి లేదు. కానీ ఏది పుస్తకం కావాలో నిర్ణయించేది కృతిభర్త అభిరుచి. కలరా ఎలా అంటుకుంటుందో చెప్పే పుస్తకాన్ని ఏ ప్రభువూ అంకితం పుచ్చుకోడు. రసాయన శాస్త్రానికి షష్ఠ్యంతాలు రాసే కవీ ఉండడు. మండలి ఈ కృతిభర్త స్థానంలో చందాదారుణ్ణి కూర్చోబెట్టింది. చందాదారు కొనే పుస్తకం ఒక్కటే అయినా, అటువంటివాళ్లందరి డబ్బు కలిస్తే తర్వాతి పుస్తకానికి పెట్టుబడి అవుతుంది. గుమాస్తా, బడిపంతులు, వకీలు, పల్లెలో కాస్త చదువుకున్న రైతు, ఇలా అందరూ కలిసి ఒక కృతిభర్త అయ్యారు. వాళ్లకు కావలసింది ప్రభువుకు కావలసిన దానికంటే వేరు.

అందుకే మండలి పుస్తకాల పట్టీలో అంత వైవిధ్యం కనిపిస్తుంది. తొలి పుస్తకం 1907లో వచ్చిన అబ్రహాం లింకన్ చరిత్ర. రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. మొదటి ప్రచురణగా బానిసత్వాన్ని రద్దు చేసిన దూరదేశపు నాయకుడి జీవితాన్ని ఎంచుకోవడంలోనే మండలి దృష్టి ఎటు ఉందో తెలుస్తుంది. తర్వాత ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం వచ్చింది. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వచ్చింది. రసాయనం, పదార్థ విజ్ఞానం, వ్యవసాయం వంటి విషయాలకు తెలుగులో మాటలు కూర్చే పని మొదలైంది. చారిత్రక నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. కేతవరపు వేంకటశాస్త్రి రాయచూరు యుద్ధము ఆ కోవలోనిదే. నవల చదివే అలవాటు చేస్తుంది, ఆ అలవాటు శాస్త్రగ్రంథానికి పాఠకుణ్ణి తెస్తుంది. అమ్ముడుపోయే పుస్తకం, అమ్ముడుపోకపోయినా రావలసిన పుస్తకం, రెండూ ఒకే కప్పు కింద ఉంటే ఒకటి రెండో దాన్ని మోస్తుంది. సంస్థ నడపడంలో ఇది సూక్ష్మమైన లెక్క. దీన్ని ఆనాడే పట్టుకున్నారు.

ఈ ముడి ఎంత గట్టిదో 1908లో తేలింది. ఆ ఏడాది హరిసర్వోత్తమరావు తన స్వరాజ్య పత్రికలో వచ్చిన వ్యాసం కారణంగా రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లారు. మండలి కార్యాలయం హైదరాబాదు నుంచి మద్రాసుకు మారింది. తొలి పుస్తకం రాసినవాడు కటకటాల వెనక ఉన్నాడు, సంస్థ ఊరు మారింది. ఒక మనిషి మీద ఆధారపడిన సంస్థ అక్కడితో ఆగిపోవలసిందే. ఇది ఆగలేదు. ఆంధ్రుల చరిత్రము వంటి పెద్ద పని ఆ తర్వాతే వెలువడింది. పుస్తకం కోసం ఎదురుచూసే చందాదారులు ఊరూరా ఉండటమే ఆ నిలకడకు మూలమని నా అభిప్రాయం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా లక్ష్మణరావు జీవితంలోనే ఉంది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఆయన కలల్లో అతి పెద్దది. దాని మొదటి సంపుటం 1915లో వచ్చింది. చాలా వ్యాసాలు ఆయనే రాశారు, మిగిలినవాటిని ఆయనే దిద్దారు. 1923 జూలైలో ఆయన మరణించేనాటికి మూడు సంపుటాలే వెలువడ్డాయి. పని అక్షరమాల తొలిమెట్ల దగ్గరే ఆగిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు దాన్ని మళ్లీ చేపట్టారు. ఆయనది ఇంకో దారి. 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం వ్యాపారం లాభాలను ఆంధ్రపత్రికకూ ఆంధ్ర గ్రంథమాలకూ మళ్లించిన మహానుభావుడాయన. వ్యాపారంతో ప్రజాహితాన్ని పోషించడం గొప్ప మార్గమే. అయినా 1938లో ఆయన పోయాక సర్వస్వం పని మళ్లీ నిలిచిపోయింది. విద్వత్తు, ధనం, నిబద్ధత, మూడూ ఉన్నా రెండుసార్లు ఆ పని అసంపూర్ణంగా మిగిలింది. రెండుసార్లూ బరువంతా ఒక్కరి భుజం మీదే ఉంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. లక్ష్మణరావు సంస్థలకు తొలి అండ మునగాల రాజాది. ఆ డబ్బు పరగణా రైతు కట్టిన శిస్తు. 1930ల చివర మునగాల రైతులు జమీందారీ మీద తిరగబడి పెద్ద పోరాటం చేశారు. రైతు చెమటతో సాగిన విద్యాసేవను పొగడవచ్చునా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. ఆ రైతుల ఫిర్యాదు న్యాయమైనది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఆ న్యాయాన్ని ఒప్పుకుంది. దాతృత్వం జమీందారీని పవిత్రం చేయదు. అయితే నా వాదనకు ఇది ప్రతికూలం కాదు, బలమే. దాత మీద మాత్రమే ఆధారపడే సంస్థ దాత పాపపుణ్యాలలోనూ, అతని పతనంలోనూ భాగస్వామి అవుతుంది. లక్ష్మణరావు మొదటి రూకను రాజా నుంచి తీసుకున్నా, సంస్థను రాజా కొలువుకు కట్టేయలేదు, పాఠకులకు అప్పగించారు. జమీందారీ పోయింది. భాషా నిలయం మాత్రం హైదరాబాదులో ఇవాళ్టికీ ఉంది.

ఇంకో అభ్యంతరం, చందా కట్టగలవాడు చదువుకున్నవాడే కదా అని. నూటికి పదిమందికి కూడా అక్షరం రాని కాలంలో చందాల పద్ధతి బీదలను, స్త్రీలను, దళితులను బయటే ఉంచుతుంది. ఇది చాలావరకు నిజం. మండలిలో పేర్లు చూస్తే దాదాపు అందరూ పై కులాల పురుషులే. తమ్ముడి చదువు చూసి తానూ చదువు నేర్చుకున్న అచ్చమాంబ 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించి, స్త్రీలకు వేరే వేదిక కట్టవలసి వచ్చిందంటే కారణం ఆ కాలపు ఇలాంటి పరిస్థితే. కానీ చందాతో వచ్చిన పుస్తకం చందాదారుడి అలమరలోనే ఉండిపోలేదు. గ్రంథాలయానికి చేరిన ఒక్క ప్రతిని చాలామంది చదివారు. చదవగలవాడు చదివితే చదవలేనివాళ్లు విన్నారు. గ్రంథాలయ సభలు మధిర, సూర్యాపేటల దాకా వచ్చాయి. అక్కడ సభలు నడపడం, తీర్మానాలు రాయడం, లెక్కలు చెప్పడం నేర్చుకున్న తరం 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభగా కూడింది. ఆ సభే తర్వాతి ఏళ్లలో వెట్టికీ దొరతనానికీ ఎదురు నిలిచింది. మేలు పొందేవాళ్లు బరువు మోయాలంటే ముందు వాళ్ల చేతికి పగ్గం ఇవ్వాలి. మండలి ఇచ్చిన పగ్గం చిన్నది. దాన్ని అందుకున్న చేతులు మాత్రం పెరిగాయి.

ఆ తర్వాతి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1956లో ములుకనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన సహకార సంఘం సభ్యుల పొదుపు, సభ్యుల వ్యాపారం మీద నిలిచి ఎదిగింది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వపు చేయి తగ్గించి సభ్యుల చేయి పెంచింది. మరోవైపు, పేదలకు అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలు కొన్ని బయటి పెట్టుబడిదారుల లాభం వైపు మళ్లాక వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం పోయిందో మనం చూశాం. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ప్రజలకు మేలు చేసే సంస్థ అనే పేరు ఒకటే అయినా వాటిలో ముడి వేరు. అక్కడ అప్పు తీసుకున్న స్త్రీ సంస్థకు ఖాతాదారు మాత్రమే, యజమాని కాదు.

కాబట్టి ఇవాళ పెన్‌పహాడ్‌లోనో మిర్యాలగూడలోనో ఒక మంచినీటి కేంద్రమో, పొదుపు సంఘమో, చదువుల గదో పెట్టాలనుకునే యువతకు చెప్పవలసింది ఒక్కటే. విరాళం దొరకడం కష్టమైన పనే, కానీ అన్నిటికంటే కష్టమైన పని ఆ తర్వాత వస్తుంది. ప్రారంభోత్సవం నాడు శిలాఫలకం మీద పేరెవరిదో కాక, అయిదేళ్ల తర్వాత మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయిస్తారో, ఆ ఖర్చు ఎవరి చందాలోంచి వస్తుందో, ఆ లెక్క ఎవరి ముందు చదువుతారో మొదటిరోజే రాసుకోవాలి. చెరువు కట్టిన పూర్వికులు ఆ లెక్కను పదోవంతుగా రాసుకున్నారు. మునగాల దివాను చందాగా రాశారు. మనం ఏ పేరుతో రాసుకున్నా ఫరవాలేదు, రాయకుండా మాత్రం మొదలుపెట్టకూడదు.