దీపాలార్పిన విశాఖ

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. భయంతో జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. అప్పట్లో వైమానిక దాడుల ముందుజాగ్రత్త (ఏఆర్‌పీ) వార్డెన్లుగా పనిచేసినవాళ్లు మామూలు పౌరులే. సైరన్ మోగితే జనాన్ని కందకాల్లోకి పంపడం, ఏ ఇంటి దీపమూ బయటికి కనబడకుండా చూడడం వాళ్ల బాధ్యత.

బ్రిటన్‌లో 1940 మే 14న ఆంథొనీ ఈడెన్ రేడియోలో పిలుపునిస్తే ఇలాంటివాళ్లతోనే హోంగార్డు దళం పుట్టింది. కుర్రతనంలో అందులో పనిచేసిన జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి రాసిన ‘డాడ్స్ ఆర్మీ’ హాస్య ధారావాహిక 1968 నుంచి 1977 దాకా బీబీసీలో 80 భాగాలు నడిచింది. నవ్విస్తూనే ఆ ముసలి వాలంటీర్లను దేశం గుండెల్లో నిలిపింది.

పాకిస్తాన్‌తో యుద్ధం రావడంతో 1971 డిసెంబరులో మన ఊరికి దీపాలార్పే రోజులు మళ్లీ వచ్చాయి. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. కిటికీలకు నల్లకాగితం అంటించి, లాంతరు వత్తి తగ్గించి పిల్లల్ని నిద్రపుచ్చేవాళ్లమని మా అమ్మ చెప్పేది. “దీపం ఆర్పండమ్మా!” అంటూ వీధిలో తిరిగిన కుర్రాళ్లను ఆమె చివరిదాకా మరవలేదు.

బీచ్‌రోడ్డులో యుద్ధవీరులకు స్మారకం ఉంది, ఉండాలి కూడా. ఈ వార్డెన్ల కథలు మాత్రం ఇళ్లలోనే మిగిలాయి. ఆనాటి పెద్దలు మన మధ్య ఉండగానే వాటిని రాసిపెట్టుకోవాలి.