చూడి గొర్రెలు చెప్పిన సాక్ష్యం

1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బియర్ వెన్నులోకి కొకైన్ ఎక్కించి ఆపరేషన్లు చేశాడు. 1900లో బాసెల్‌లో ఆస్కార్ క్రైస్ ఆ పద్ధతిని కాన్పులకు వాడాడు. ఈ మత్తుతో రక్తనాళాలు సడలి తల్లి రక్తపోటు పడిపోతుంది. వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువుకు పెద్దసిర నొక్కుకుపోయి ఇంకా దిగుతుంది.

మరి ఏ మందు ఇవ్వాలి? 1974లో చూడి గొర్రెల మీద చేసిన పరిశోధన ఎఫెడ్రిన్‌కు పట్టం కట్టింది. చాలా ఏళ్లు అదే శాసనం. సిజేరియన్ జరిగే స్త్రీలనే పరిశీలించాక ఫినైలెఫ్రిన్ మెరుగని తేలింది. బిడ్డ రక్తంలో ఆమ్లం తక్కువ, తల్లికి వికారమూ తక్కువ. 2018 నాటి అంతర్జాతీయ ఏకాభిప్రాయ ప్రకటన దాన్నే సిఫారసు చేసింది.

బల్ల మీద స్త్రీ మెలకువగానే ఉంటుంది. "కడుపులో తిప్పుతోంది" అని ఆమె అనడం తరచు రక్తపోటు పడిపోతోందన్న తొలి కబురు. దాన్ని ఆడవాళ్ల కంగారని కొట్టిపారేస్తే బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది.