ఉప్పు దారిలో మూడు భాషలు

హౌరా–చెన్నై ప్రధాన మార్గమున పోవువారికి నౌపడ అనగా ఉప్పు మళ్ళు, ఎండలో మెరయు తెల్లని ఉప్పు రాశులు. అంతవరకే. అచ్చట పెద్ద లైను విడిచి కొండలవైపు పోవు మరియొక మార్గము కలదు. మేము ముచ్చటింపదలచినది ఆ మార్గమును గూర్చి, దాని వెంబడి నడచిన మాటలను గూర్చి.

పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్న రైలు 1900లో నడువ నారంభించెను. రెండున్నర అడుగుల పట్టాలు. టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి ఇంచుమించు 25 మైళ్ళు. 1931 నాటికి గుణుపురము చేరెను. 2011 నుండి వెడల్పు పట్టాల మీద బండ్లు నడచుచున్నవి.

క్రింద తెలుగు, నడుమ తెలుగును ఒడియాయును, పైన కొండలలో సవర. ఉప్పు లేనిదే కొండమీది కుండకు రుచి లేదు. ఉప్పుకై సంతకు దిగిన సవరలకు తెలుగో ఒడియాయో రాక తప్పదు. అమ్మువానికి మాత్రము సవర నేర్వవలసిన పని లేదు. భాషలలో ఎక్కువ తక్కువలు పుట్టునది ఇట్టి తక్కెడల యొద్దనే.

ఆ పని లేని చోట పని కల్పించుకొన్నవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగ ప్రాంతమున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించి, 1880 నుండి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. తెలుగు తెలిసిన సవర నొకరిని ఇంట నుంచుకొని ఆయన భాష నేర్చిరి. సవరలో మాట నడుమ గొంతు చటుక్కున మూసి తెరచు ధ్వని యొకటి కలదు. మన అక్షరములలో దానికి గుర్తు లేదు. పుస్తకము లేదు, వ్యాకరణము లేదు, తప్పొప్పులు చెప్పు పండితుడు లేడు. చెవి యొక్కటే ప్రమాణము. ఆ చెవితోనే పంతులుగారు సవర పిల్లలకు వాచకములు కూర్చిరి. 1931లో ఆయన సవర వ్యాకరణమును మదరాసు ప్రభుత్వము ప్రకటించెను.

అట్టి చెవిని తెలుగు వైపు త్రిప్పినప్పుడేమైనది? 1906 ప్రాంతమున ఉత్తర సర్కారుల పాఠశాలల పరీక్షాధికారియైన యేట్సుగారు, బడిలోని తెలుగునకును వీధిలోని తెలుగునకును ఇంత దూర మేలయని విచారింపసాగిరి. పంతులుగారు, గురజాడ అప్పారావుగారు ఆ ప్రశ్నను అందుకొనిరి. శ్రీకాకుళపు రైతు “నాను” అనును, “ఏటి” అనును. నోరు తెరచిన తోడనే అతని కులమును చదువును మనము లెక్కగట్టుదుము. పంతులుగారు పుస్తకములకు కోరినది శిష్టుల వాడుక భాషయే కాని రైతుమాట కాదు. దానికే పండితలోకము మండిపడెను. సవరను ప్రమాణముగా వినగలిగిన మనుజునకు తన ఇంటి మాట తప్పని తోచకుండుట వింతగాదని మా తలంపు. ఇదియంతయు మేము “చున్నవి,” “వలెను” అని వ్రాయుట పంతులుగారు చూచియుండిన, మీరింటిలో ఎవరితో నిట్లు మాటలాడుదురని అడుగకుండరు!

సంఘము భాషను దిద్దుట ఇది. భాష పేరున సంఘమే రెండుగా చీలినది 1936లో. ఏప్రిల్ 1న ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యెను. పర్లాకిమిడి పట్టణము అటు పోయెను. పాతపట్నము, టెక్కలి, నౌపడ మదరాసు రాజధానిలో నిలిచెను. తమ భాషకొక రాష్ట్రము కావలెనని ఒడియావారు కోరుట న్యాయమే. తెలుగువారమును 1953లో అదియే సాధించుకొంటిమి. అయినను గీత గీయువాడు మనిషికొక భాష, ఊరికొక భాష అని లెక్కించును. రెండు భాషలలో బేరమాడి, మూడవదానిలో పాటపాడు ఊళ్ళను ఏ వైపున వేయును? విలీనమును ప్రతిఘటించిన పంతులుగారు డెబ్బది రెండేండ్ల వయసున, అర్ధశతాబ్దికి పైగా నివసించిన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి.

సవరలు ఎటు పోవలెనని అడిగిన వారు అరుదు. గీత వారి కొండల నడుమనే పోయెను. ఆ 1936లోనే, జూన్ మాసమున, గుణుపురము వైపు మంగేయ్ గొమాంగో అను సవర తమ భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అను సొంత లిపి కల్పించెను. దానిని సవరలు పూజాపీఠమున నుంచిరి. నేడు సీతంపేట వైపు సవర మాటను తెలుగు అక్షరములలో వ్రాయుదురు, గుణుపురము వైపు ఒడియాలో. క్రైస్తవ సవరలు రోమను లిపిలో, గొమాంగో అనుయాయులు తమ సొంత లిపిలో. గొంతు నడుమ ఆగు ఆ చిన్న ధ్వని మాత్రము నాలుగింటికిని ఒక్కటే.