మ్రాను వెల, మనుష్యుని వెల

ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములో మహా బబులోను వర్తకుల సరకుల పట్టిక ఒకటి ఉన్నది. బంగారముతో మొదలగు ఆ పట్టికలో దబ్బమ్రాను కూడ కలదు. ఇది మన పెరటిలోని దబ్బచెట్టు కాదు. ఉత్తర ఆఫ్రికాలోని అట్లాసు కొండలలో పెరుగు చెట్టు. దాని చెక్కతో చేసిన బల్లల కొరకు రోమా ధనవంతులు పోటీపడెడివారు. సిసెరో అను ప్రసిద్ధ వక్త ఒక్క బల్లకు 5 లక్షల సెస్టర్సులు చెల్లించెనని ప్లినీ అను గ్రంథకర్త వ్రాసెను. ఆ పట్టికలో చిట్టచివరి సరకు ఏదో కూడ మనము గమనింపవలెను. అది మనుష్యుల ప్రాణము.

ఈ వాక్యభాగము చదివినప్పుడెల్ల మాకు మన కొండలు జ్ఞాపకమునకు వచ్చును. పాలకొండలు, లంకమల, శేషాచలము, నల్లమల దక్షిణపు అంచులు — తూర్పు కనుమల ఈ దక్షిణ భాగమందే ఎర్రచందనము సహజముగా పెరుగును. రాతినేల, కొద్దిపాటి వాన, మండుటెండ దానికి చాలును. శ్రీగంధమునకున్న పరిమళము దీనికి లేదు. చేవ మాత్రము నెత్తురువలె ఎర్రగా, నీట వేసిన మునుగునంత బరువుగా ఉండును. ఆ చేవ ముదురుటకు దశాబ్దములు పట్టును. మన పెద్దలు దీనిని ఇంటి స్తంభములకు, సేద్యపు పనిముట్లకు వాడుకొనిరి. కోడూరు దగ్గరి శెట్టిగుంటలో దీనితో బొమ్మలు చెక్కు పనివారు ప్రసిద్ధులు.

అయితే దీని వెలను నిర్ణయించినది ఎల్లప్పుడు దూరదేశములే. కంపెనీవారి కాలములో ఇది బట్టల అద్దకమునకు ఓడలమీద ఐరోపాకు పోయెను. 1856లో పెర్కిన్ అను ఆంగ్లేయుడు కృత్రిమపు రంగు కనుగొనిన పిమ్మట ఆ గిరాకి క్రమముగా సన్నగిల్లెను. జపానువారు షామిసెన్ అను తంతివాద్యపు మెడకు, చైనా సంపన్నులు కుర్చీలకు, పెట్టెలకు దీనిని కోరుకొనిరి. నరుకుడు మితిమీరగా 1995లో సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడిక దీని వర్తకమును అదుపులోనికి తెచ్చెను. దీని వంశమునకే చెందిన ఆఫ్రికా పడౌక్ మ్రానునకు సహితము అదే గతి పట్టగా, 2022లో ఆ ఖండపు రకములన్నియు అదే జాబితాలో చేరెను.

చట్టము వచ్చినను దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలము అడవిలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళనాటి కూలీలు మరణించిరి. దుంగను కొనువాడు సముద్రము ఆవల ఉన్నాడు. కొనిపించువాడు పట్టణములో ఉన్నాడు. భుజముపై మోసినవాడు మాత్రము కొండలో పడిపోయెను. పట్టికలోని చివరి సరకు అతడే.

మన సంఘములలో కొండ అంచు గ్రామములవారు అనేకులున్నారు. ఒక్క రాత్రి మోతకు నెల కూలి ఇత్తునని పిలుచువాడు కరవు చూచియే పిలుచును. "దొంగిలకూడదు" అని ఆ యౌవనునికి చెప్పుట మన విధి. అంతమాత్రముతో మన విధి తీరదు. అతని ఇంట పొయ్యి వెలుగుచున్నదా అని ముందుగా విచారించుట కూడ మన విధియే. పూర్వపు మిషనరీలు కరవు కాలములో ఈ సీమలో మొదట గంజి పోసి, ఆ తరువాత బోధించిరి. ఈ శతవార్షికోత్సవ వేళ మనము ఆ క్రమమును మరువకుందుము గాక. మ్రానునకు వెల కట్టువారు లోకములో అనేకులున్నారు. మనుష్యునికి క్రీస్తు కట్టిన వెలను చాటుటకు సంఘము ఉన్నది.