హార్వర్డ్ న్యాయ విద్యాలయం – పూర్వ విద్యార్థి సంఘం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ నగరంలో 1817లో నెలకొన్న హార్వర్డ్ న్యాయ విద్యాలయం ఈనాటి ప్రతిష్ఠకు చేరడంలో అధ్యాపకుల పాండిత్యంతోపాటు పూర్వ విద్యార్థుల కృషికీ పెద్ద వాటా ఉంది. ఆ కృషికి 1886లో, విశ్వవిద్యాలయ 250వ వార్షికోత్సవ సందర్భంలో, సంఘరూపం వచ్చింది. న్యాయవిద్యను పెంపొందించడం, విద్యాలయానికి అండగా నిలవడం, పట్టభద్రుల మధ్య స్నేహసంబంధాలను కాపాడడం దాని ఆశయాలు.

సంఘం పుట్టకముందే విద్యాలయానికి అండగా నిలిచిన దాతలను ముందుగా స్మరించుకోవడం విధి. ఐజాక్ రాయల్ వీలునామా ద్వారా ఇచ్చిన ఆస్తితో తొలి ఆచార్య పీఠం, అంటే శాశ్వత నిధిపై నడిచే అధ్యాపక పదవి, ఏర్పడింది. ఆ సంపదలో బానిసల చెమట ఉన్నందున రాయల్ కుటుంబ చిహ్నాన్ని విద్యాలయం 2016లో విడిచిపెట్టింది. నేథన్ డేన్ ఇచ్చిన నిధితో 1829లో జోసెఫ్ స్టోరీ ఆచార్యుడయ్యారు. ఎడ్వర్డ్ ఆస్టిన్ విరాళంతో ఆస్టిన్ హాలు లేచింది. స్టోరీ మరణించిన 1845 తరువాత పాతికేళ్లు చెప్పుకోదగ్గ మార్పు లేకుండా గడిచాయి.

1870లో క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ డీన్ కావడంతో విద్యాలయానికి అసలు పరీక్ష మొదలైంది. పాఠ్యగ్రంథాన్ని అధ్యాపకుడు వల్లిస్తూ ఉంటే విద్యార్థులు రాసుకునే పద్ధతిని ఆయన తొలగించి, నిజమైన తీర్పులను ముందుగా చదివించి, తరగతిలో ప్రశ్నలతో సూత్రాన్ని రాబట్టే ‘కేసు పద్ధతి’ని ప్రవేశపెట్టారు. వేలంలో సారాబట్టీ సామానుకు పాట పాడి, సుత్తి పడకముందే వెనక్కి తగ్గిన వ్యక్తి గురించిన ‘పేన్ వర్సెస్ కేవ్’ అనే పాత ఆంగ్ల తీర్పుతో ఆయన తన పాఠం మొదలుపెట్టి, కేసు పూర్వాపరాలు చెప్పమని ఒక విద్యార్థిని నిలబెట్టినప్పుడు తరగతి నివ్వెరపోయింది. చాలామంది ఆయన తరగతికి రావడం మానేశారు, విద్యాలయంలో చేరేవారి సంఖ్య తగ్గింది, బోస్టన్ న్యాయవాదులు పెదవి విరిచారు; అయినా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఆయన వెంటే నిలిచారు. జేమ్స్ బార్ ఏమ్స్, జాన్ చిప్‌మన్ గ్రే, జేమ్స్ బ్రాడ్లీ థేయర్ వంటి సహాధ్యాపకుల శ్రమ తోడై విద్యాలయం నిలదొక్కుకుంది.

ఆ గడ్డుకాలంలో చదివి, కొత్త పద్ధతిని మనసారా నమ్మినవారిలో అగ్రగణ్యుడు లూయీ బ్రాండైస్. చూపు దెబ్బతిని సహాధ్యాయుల చేత పాఠాలు చదివించుకుని విన్న ఆ యువకుడు 1877లో తరగతిలో ప్రథముడిగా పట్టా పొందారు. 1882లో విలియం వెల్డ్ నుంచి 90,000 డాలర్లు సమకూర్చి ఆయన కొత్త ఆచార్య పీఠానికి కారకులయ్యారు. అయితే ఆ పీఠంలో తొలిగా కూర్చున్న ఆలివర్ వెండెల్ హోమ్స్ కొద్ది నెలలకే రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లిపోవడం, అంత శ్రమపడి నిధి సేకరించినవారికి తీరని నొప్పి కలిగించింది.

సంఘానికి తొలి కార్యదర్శి కూడా బ్రాండైసే. న్యాయవాద వృత్తిలో రాణించిన పట్టభద్రులు ఒక్క వేదిక మీదికి వచ్చి సాక్ష్యం పలకడమే లాంగ్‌డెల్ పద్ధతికి అన్ని వాదనలకన్నా బలమైన సమర్థన అయింది. ఆయన డీన్‌గా పాతికేళ్లు నిండిన 1895లో సంఘం జరిపిన ఉత్సవానికి ఇంగ్లండు నుంచి న్యాయ పండితుడు సర్ ఫ్రెడరిక్ పొలాక్ వచ్చి ప్రసంగించారు. డబ్బు తెచ్చి, గౌరవం తెచ్చి, బోధనలో మాత్రం వేలు పెట్టకపోవడం ఆ తరం పెద్దరికం.

అంతటి సేవకుడైన బ్రాండైస్‌ను 1916లో అమెరికా సుప్రీంకోర్టుకు ప్రతిపాదించినప్పుడు, అప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు, స్వయంగా ఈ విద్యాలయ పట్టభద్రుడు అయిన లారెన్స్ లోవెల్‌తో సహా 55 మంది బోస్టన్ ప్రముఖులు వ్యతిరేకంగా సంతకాలు చేయడం ఈ చరిత్రలో మాయని మచ్చ. న్యాయ అధ్యాపకులలో అత్యధికులు ఆయనను సమర్థించగా, సెనేట్ 47–22 ఓట్లతో ఆమోదించింది. మరొక వెలితి ఇంకా పెద్దది: 1950 దాకా విద్యాలయం స్త్రీలను చేర్చుకోలేదు గనుక ఆరు దశాబ్దాలకు పైగా సంఘం పురుషుల సంఘంగానే మిగిలింది.

ఈ చరిత్రను గుర్తుంచుకుని, తెలుగునాట న్యాయ కళాశాలల పూర్వ విద్యార్థి సంఘాలు సన్మానాలతో, విందులతో సరిపెట్టుకోక, ఒక అధ్యాపక పదవికో, గ్రంథాలయంలో తీర్పుల సంపుటాలకో, ఫీజు కట్టలేని విద్యార్థికో శాశ్వత నిధి ఏర్పరచాలనీ, కార్యవర్గాలలో మహిళలకూ మొదటి తరం న్యాయవాదులకూ చోటివ్వాలనీ పాఠకులకు విజ్ఞప్తి.