తలంటుకి ఖరీదెంత?

మా ఆఫీసులో ఒకాయన నడుంనొప్పికని హైదరాబాదులో ఒక ఆయుర్వేద కేంద్రానికి వెళ్ళొచ్చాడు. గంట అభ్యంగనానికి రెండున్నర వేలు పుచ్చుకున్నారట. "ఊళ్ళో మా నాయనమ్మ ఇదంతా ఉత్తినే చేయించేది బాసూ" అని ఒకటే గోల. ఆ "ఉత్తినే" దగ్గరే నాకు పేచీ. మాది నరసరావుపేట పక్కన పల్లెటూరు. నాకు తెలిసినంతలో తలంటు ఎప్పుడూ ఉత్తినే రాలేదు, బిల్లు చేతికివ్వలేదంతే.

ముందు రాజుగారితో మొదలుపెడదాం. శ్రీకృష్ణదేవరాయలు 1515లో మన కొండవీడు కోటని గజపతుల నుంచి గెలుచుకున్నాడు కదా. ఆ తర్వాత 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలవారి దినచర్య రాసిపెట్టాడు. తెల్లారకముందే లేచి పెద్ద గ్లాసుడు నువ్వులనూనె తాగి, అదే నూనె ఒళ్ళంతా పట్టించుకుని, అది చెమటతో బయటికొచ్చేదాకా బరువులెత్తి, కత్తి తిప్పి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కేవాడట. చివర్లో స్నానం చేయించడానికి ఒక మనిషి. నూనె తాగే కార్యక్రమం మనకొద్దుగానీ :) ఇందులో గమనించాల్సింది ఒకటుంది. నూనె, తీరిక, పక్కన మనుషులు - ఈ మూడూ ఉంటేనే అభ్యంగనం.

శాస్త్రం మాత్రం అందరికీ రోజూ అంది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యలోనే దీన్ని చేర్చాడు. తలకి, చెవులకి, పాదాలకి తప్పనిసరి అన్నాడు. చరకుడి పోలికలైతే అచ్చం మన పల్లెటూరివే. నూనె పట్టిన కుండ, తోలు, బండి ఇరుసు ఎలా గట్టిపడతాయో ఒళ్ళూ అలాగే గట్టిపడుతుందన్నాడు.

బాగానే ఉంది, మరి లెక్క చూద్దామా? ఎంతైనా ఇంజనీరు బుర్ర కదా! రోజూ వద్దు, వారానికి ఒక్కసారే అనుకుందాం. మనిషికి 75 మి.లీ. చొప్పున ఏడాదికి దాదాపు 4 లీటర్లు. గానుగలో 100 కిలోల నువ్వులకి సుమారు 40 కిలోల నూనె వస్తుందనుకుంటే, మనిషికి 9 కిలోల నువ్వులు కావాలి. ఐదుగురున్న ఇంటికి 45 కిలోలు. వర్షాధారం మీద ఎకరానికి క్వింటా, రెండు క్వింటాళ్ళు పండటమే గగనం. అంటే పావు నుంచి అరెకరం పంట ఒంటికి రాసుకోవడానికే పోతుంది! కాబట్టి శనివారం శనివారం తలంటు అనేది పొలమున్నవాడి భోగం. లేనివాడికి భోగికి, ఉగాదికి, దీపావళికి, అదీ నెత్తిన చారెడు ఆముదం. కూలికెళ్ళే ఆడవాళ్ళకి నూనె భోగం కాదు, రక్షణ. మిరపకాయలతో పని చేసేముందు చేతులకి నూనె రాసుకుంటారు. మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ కెమిస్ట్రీ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇక చెయ్యి ఖరీదు. గానుగ ఆడించింది గాండ్లవాళ్ళు. ఒళ్ళు పట్టింది మంగలి. బాలింతకి, పసిగుడ్డుకి నూనె రాసి, నలుగుపెట్టి, కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళుపోసింది మంత్రసాని. వీళ్ళకి డబ్బివ్వలేదు నిజమే. కోతలయ్యాక కళ్ళంలో గింజల్లో "మేర" కొలిచారు, పండక్కి పాత బట్టలిచ్చారు. బేరమాడే హక్కు లేదు, వేరే పని చూసుకునే దారీ తక్కువ. నాయనమ్మకి "ఉత్తినే" వచ్చిందంటే, ఆ ఖరీదు ఇంకెవరో కట్టారన్నమాట.

ఇంకో విచిత్రం చూడండి. గుంటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1921లో ప్రభుత్వం దేశీయ వైద్యాల మీద మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1923లో నివేదిక వచ్చింది, 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల పెట్టారు. ఇంగ్లీషు వైద్యం చదివి కూడా ఆయుర్వేదం వైపు వచ్చిన ఆచంట లక్ష్మీపతి లాంటి మనవాళ్ళు ఆ రోజుల్లో గట్టిగా నిలబడి ఆయుర్వేదానికి గౌరవం తెచ్చారు. మంచిదే. కానీ ఆ గౌరవం శ్లోకం తెలిసిన నోటికి దక్కినంతగా నరం తెలిసిన చేతికి దక్కలేదు. చదివినాయన డాక్టరయ్యాడు, రుద్దినవాడు కులవృత్తిలోనే ఉండిపోయాడు.

1967లో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళొదిలారు. ఆ తర్వాత మనవైపు పత్తి, మిర్చి ఎలా కమ్ముకున్నాయో చెప్పక్కర్లేదు. పత్తినీ మిరపకాయల్నీ మేరగా కొలిచిస్తే ఎవడు తింటాడు? నాకనిపించేది, గింజల లెక్క రూపాయల్లోకి మారడంతోనే ఆ పాత కట్టు వదులైంది. గానుగలు మూతపడ్డాయి, మంగలి కొడుకు టౌన్లో సెలూన్ పెట్టుకున్నాడు. నేనైతే దీనికి ఏడవను. ఆ కట్టు తెగడం మంచిదే. పోయిందల్లా ఆ చేతిలో ఉన్న నేర్పు.

ఆ నేర్పుకి నిజంగా విలువుందా? ఉంది, కానీ బోర్డుల మీద రాసేదంతా కాదు. ఒంట్లో విషాలు లాగేస్తుంది, కొవ్వు కరిగిస్తుంది లాంటివి నేను నమ్మను. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రోజూ మూడుసార్లు ఒళ్ళు నిమిరి చూసింది. వాళ్ళు మిగతా పిల్లలకన్నా రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. 2005లో ఢాకా ఆసుపత్రి అధ్యయనంలో అలాంటి పిల్లలకే పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయి. అలాగని పాత పద్ధతంతా అమృతం కాదు. పసిపిల్లల ముక్కులో నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. ఆ ఒక్కటీ దయచేసి మానిపించండి.

ఇప్పుడు చెప్పండి, రెండున్నర వేలు ఎక్కువా? అసలు అడగాల్సింది, అందులో రుద్దిన చేతికి చేరేదెంత అని. కేరళవాళ్ళు 1902లో కొట్టక్కల్ ఆర్యవైద్యశాల మొదలుపెట్టి ఈ విద్యని ఒక సంస్థగా నిలబెట్టుకున్నారు. మనం మన మంత్రసానికి కనీసం ఒక సర్టిఫికెట్టు కూడా ఇవ్వకుండా, గుంటూర్లో "కేరళ మసాజ్" బోర్డు చూసి లోపలికెళ్తున్నాం. ఊళ్ళో ఇంకా పసిపిల్లలకి నీళ్ళుపోసే ముసలమ్మ ఎవరైనా మిగిలుంటే, పాత చీరతో సరిపెట్టకుండా గంటకింతని కూలి కట్టివ్వండి. పక్కన ఒక నర్సమ్మాయిని కూర్చోబెట్టి నేర్చుకోమనండి. మన దగ్గర ఆ విద్య ఇంకెన్నాళ్ళుంటుందో దానిమీదే ఆధారపడి ఉంది.