వైద్యశాలలలో వృద్ధపీడన: గుర్తింపు చరిత్ర

వృద్ధులను ఇంటివారే పీడించుట ప్రాచీనమైన విషయమే యైనను, అది వైద్యపత్రికల కెక్కినది 1975లో. ఆ యేట బ్రిటనులో బేకర్, బర్‌స్టన్ అను వైద్యులిరువురు వేర్వేరుగా దీనిని గూర్చి వ్రాసిరి. బర్‌స్టన్ వ్రాసినది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన చిన్న లేఖ. దెబ్బలు తిన్న పసిబిడ్డలను గూర్చి అమెరికా వైద్యులు 1962లోనే ప్రకటించి యుండిరి. ముసలివారి వంతు వచ్చుటకు మరి 13 ఏండ్లు పట్టెను.

ఈ ఆలస్యమునకు కారణము లేకపోలేదు. ముదిమిలో చర్మము పలుచనగును, నడక తడబడును. వెంట వచ్చినవారు “జారిపడినారు” అనినచో, అత్యవసర విభాగపు వైద్యుడు నమ్మి, కట్టు కట్టి పంపుట సులభము. ఆ మాటను పరీక్షించుటకు తగిన ఆధారము 2005లో కాలిఫోర్నియాలో లభించెను. లారా మొస్కెడా బృందము వృద్ధులకు ప్రమాదవశమున కలిగిన కమిలిన మచ్చలను పరిశీలింపగా, నూటికి సుమారు 90 కాలుసేతులమీదనే కానవచ్చెను. మెడ, చెవులు, పిరుదులు, అరికాళ్లమీద ఒక్కటియు లేదు. రంగునుబట్టి మచ్చ యెన్నాళ్లదో చెప్పవచ్చునను పాత నమ్మకము సైతము నిలువలేదు. 2009లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, దెబ్బలు తిన్న వృద్ధులలో నూటికి 90 మంది తమ గాయమెట్లు కలిగెనో చెప్పగలిగిరి. వారిలో మతిమరుపు గలవారును కలరు! అడుగువారే కరవైరి.

అడుగకుండుట వలని నష్టము స్వల్పము కాదు. అమెరికాలోని న్యూహేవెన్ వృద్ధులను గూర్చి 1998లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, 13 ఏండ్ల పిదప, పీడింపబడినవారిలో నూటికి 9 మంది మాత్రమే జీవించి యుండిరి. ఫిర్యాదేదియు లేనివారిలో 40 మంది యుండిరి. 2017లో న్యూయార్కులోని ఒక పెద్ద వైద్యశాల ఇందుకై ప్రత్యేక బృందమునే ఏర్పరచెను. వెంట వచ్చినవారిని వెలుపల నుంచి, రోగితో ఏకాంతమున మాటాడుట ఇట్టి పనిలో ప్రథమ కర్తవ్యము.

మన దేశపు 2007 చట్టము వృద్ధులను విడిచిపెట్టినవారికి 3 నెలల వరకు చెరనో, 5000 రూపాయల వరకు జరిమానానో, రెండునో విధించును. వైద్యశాలలలో వృద్ధులకు వేరు వరుసలను, పడకలను కోరును. ఏకాంతమున ప్రశ్నింపవలెనను మాట మాత్రము అందులో లేదు.

షోలాపురము, బరంపురము, హోసూరు వంటి తావులలోని మనవారికి ఇందు మరియొక చిక్కు కలదు. వైద్యుని భాష రాని వృద్ధురాలికి వెంట వచ్చిన కొడుకో కోడలో దుబాసీ యగుదురు. కొట్టినవారే దుబాసీలైనచో, ఆమె మాట వైద్యుని చెవికెట్లు సోకును? అట్టి సమయమున తెలుగు వచ్చిన నర్సునో, ఇంటికి సంబంధింపని మరియొకరినో పిలిపించవలెను. తెలుగు మాటాడగలవారి పేర్లను మన సంఘములు స్థానిక వైద్యశాలలకు ముందే అందజేయవచ్చును. ఇది వ్యయము లేని పని.